నా పేరు నా చెవులతో

నాకు చూపు లేదు. అనుమానం మాత్రం దండిగా ఉంది. ఆసుపత్రి ఫోన్ ఎక్స్ఛేంజీలో ఇన్నేళ్ళుగా కూర్చున్నదాన్ని. "డాక్టరుగారు లేరు" అనే ముందు అవతలి గొంతు రవ్వంత ఆగిందంటే, ఆయన అక్కడే టీ తాగుతున్నాడని నాకు తెలిసిపోతుంది.

తమ్ముడు భిలాయి ఉక్కు ప్లాంటులో ఉద్యోగం వదిలి పక్కనున్న జాముల్‌లో కూలీల కాంట్రాక్టు పెట్టుకున్నాక, కంపెనీ క్వార్టరు ఖాళీ చేసి క్యాంప్ 2లో సొంత ఇంటికి వచ్చాం. తమ్ముడు, వాడి భార్య, నేను. ఇల్లు మారితే ఓటూ మార్చుకోవాలి. "ముగ్గురి కాగితాలూ నేనే ఇచ్చేస్తాన్లే అక్కా" అన్నాడు వాడు. అంత తియ్యగా అన్నాడంటేనే నాకు అనుమానమొచ్చింది.

ఎందుకంటే అంతకుముందు ప్రతిసారీ బూత్‌లోకి నన్ను వాడే తీసుకెళ్ళేవాడు. నా వేలు పట్టుకుని "ఇదిగో, ఇక్కడ నొక్కు" అనేవాడు. ఏ గుర్తు మీద నొక్కానో ఆ దేవుడికే తెలియాలి. వాడికి కాంట్రాక్టులిప్పించే నాయకుడొకడు ఉన్నాడులెండి. తరవాత ఎవరో చెప్పారు, ఆ యంత్రం మీద బటన్ల పక్కన బ్రెయిలీ చుక్కలుంటాయని, వేలితో తడిమి నేనే వేసుకోవచ్చని. "ఈసారి ఒక్కదాన్నే లోపలికి ఎల్తాను" అన్నాను. వాడు కాగితాలు తీసుకుని చరచరా వెళ్ళిపోయాడు.

అందుకే నా పేరు ఉందో లేదో నేనే చూసుకోవాలనుకున్నాను. నా ఫోన్ తెర మీదున్నదంతా పైకి చదువుతుంది. ఎన్నికల వెబ్‌సైట్ తెరిస్తే పేరు, వయసు, జిల్లా దాకా బాగానే చదివింది. ఆ తరవాత "బొమ్మ" అంది. బొమ్మలోని అక్షరాలు కొట్టాలట! కనిపిస్తే కదా కొట్టడానికి? వినిపించే బటన్ నొక్కితే గుర్రుమని ఊరుకుంది. దాని కింద "బటన్, బటన్, బటన్" అంటుందే గానీ ఏది దేనికో చెప్పదు. ఒళ్ళు మండిపోయింది.

గతిలేక మరదల్ని పిలిచాను. భిలాయిలోనే పుట్టి పెరిగిన పిల్ల, నన్ను దీదీ అంటుంది. నా పేరు వెతికింది. ఇంకేవో నొక్కుతున్న చప్పుడు. ఆగింది. చాలాసేపే ఆగింది.

"ఉంది దీదీ. పక్కా ఉంది."

"మరి అంతసేపేటే?"

"నెట్ స్లో."

నెట్టూ లేదు, గాడిదగుడ్డూ లేదు. మొగుడూ పెళ్ళాలు కూడబలుక్కున్నారని నాకు అర్థమైపోయింది. ఆ రోజు నుంచి ఆమె పోసిన టీ కూడా వాసన చూసి తాగాను.

ఆసుపత్రి ఎక్స్ఛేంజీ నుంచే ఎన్నికల ఫిర్యాదుల నంబరుకి ఫోన్ చేశాను. "ఇంట్లో ఎవరిచేతైనా చదివించుకోండి మేడమ్" అన్నాడొకడు హిందీలో. "బాబూ, నా అనుమానం ఇంట్లోవాళ్ళ మీదే!" అన్నాను. పెట్టేశాడు. మళ్ళీ చేశాను. లైను పట్టుకుని కూర్చోవడమే నా ఉద్యోగం, నాతోనా? చివరికి ఒకావిడ దొరికింది. ఎక్స్ఛేంజీ ఫోన్‌కి నా మొబైల్ ఆనించి ఆ "బటన్, బటన్" అంతా వినిపించాను. "రాసుకున్నానండీ" అంది. నేను నమ్మలేదు.

వానలు వెళ్ళాక ఒక మధ్యాహ్నం ఇంట్లో ఆ వెబ్‌సైట్ ఊరికే తెరిచి చూశాను. బొమ్మలోని అక్షరాలు ఒక్కొక్కటిగా, నిమ్మళంగా వినిపించాయి. బటన్లకి పేర్లొచ్చాయి. అవి కొట్టి "వెతుకు" నొక్కాను. నా పేరు, నా వయసు, క్యాంప్ 2 బూత్. మళ్ళీ విన్నాను. ఏడుపొచ్చింది.

అంతటితో ఊరుకుంటే నేనెందుకవుతాను? తమ్ముడి పేరు కొట్టాను. ఉంది. మరదలి పేరు కొట్టాను. వివరాలు దొరకలేదంది. వయసు సరిచూసుకుని మళ్ళీ కొట్టాను. మళ్ళీ అదే మాట.

కేకేసి పిలిచాను. "ఆ రోజు ఆగింది ఇందుకేనేటే?"

"ఆయన చెప్పిన గుర్తుకి వెయ్యనన్నాను దీదీ. నా కాగితాలు ఇవ్వలేదు. క్వార్టరు ఖాళీ అయిందని అక్కడి పాత పేరూ తీసేశారు. మీ నోటికి జడిసి మీవి ఇచ్చారు."

"మరి నాకెందుకు చెప్పలేదే?"

"మీరు ఆయన అక్క కదా."

నన్నూ ఆమె అనుమానించిందన్నమాట! చెంప మీద కొట్టినట్టయింది. ఆమె చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాను. కొత్త ఓటుకి దరఖాస్తు పేజీ తెరిచాను. ఫోన్ చదువుతుంటే ఆమె పేరు నేనే కొట్టడం మొదలుపెట్టాను.

"ఆయనొచ్చేస్తే?" అంది.

"నీకు కళ్ళున్నాయి కదే. గుమ్మంకేసి చూస్తూ ఉండు."