ఐదింటికి ఇంటికెళ్లిన డాక్టరు

డాక్టర్ యతిరాజులుగారికి కోపం రాదని మా ఆస్పత్రిలో అందరూ అంటారు. వస్తుంది. ఇరవై రెండేళ్లుగా ఆయన గది బయట కూర్చుని టైపు కొడుతున్నదాన్ని, నాకు తెలుసు. కోపమొస్తే కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటారు, అంతే. నాకొస్తే మాత్రం వరండా చివరిదాకా వినిపిస్తుంది.

మాది ఉత్తర మద్రాసులో ఒక ట్రస్టు ఆస్పత్రి. ఎన్నూరు నుంచి ఆయాసంతో వచ్చేవాళ్లు, సౌకార్‌పేట నుంచి షుగరుతో వచ్చేవాళ్లు పొద్దున ఎనిమిదికల్లా మెట్ల మీద కూర్చుని ఉంటారు. యతిరాజులుగారు జనరల్ మెడిసిన్‌కి పెద్ద. ఆయన కింద తొమ్మిదిమంది డాక్టర్లు. వాళ్ల డ్యూటీ చార్టు ప్రతి శనివారం టైపు చేసి, సెలవురోజుల గళ్లకు పచ్చ స్కెచ్‌పెన్నుతో రంగువేసి, డ్యూటీ గది అద్దానికి అంటించడం నా పని.

మూడేళ్ల కిందట కిరణ్‌కుమార్ అనే కుర్ర డాక్టరు ఓపీ చూస్తూ చూస్తూ మధ్యలో లేచి వెళ్లిపోయాడు. కాఫీకి వెళ్లాడేమో అనుకున్నాం. మెడలోని స్టెతస్కోపు తీసి టేబుల్ మీద పెట్టి వెళ్లాడని తర్వాత చూశాం. ఇరవైమంది రోగులు టోకెన్లు పట్టుకుని కూర్చునే ఉన్నారు. మనిషి మళ్లీ రాలేదు, ఫోను ఎత్తలేదు. సార్ స్వయంగా రాయపురంలో అతని గదికి వెళ్లి, తాళం చూసి తిరిగొచ్చారు. ఆ రోజు కళ్లజోడు ఎన్నిసార్లు తుడిచారో. ఆ కోపం కుర్రాడి మీద కాదు, తన మీద.

"ఇంకొకరిని ఇట్ల పోనియ్యకూడదు వరదలక్ష్మీ" అన్నారు.

అన్నట్టే చేశారు. రాత్రి డ్యూటీ చేసినవాళ్లు మర్నాడు ఓపీకి రాకూడదన్నారు. తప్పు జరిగితే తలుపు వేసి మాట్లాడతారు తప్ప రోగుల ముందు ఎవర్నీ ఒక్క మాట అనరు. డిశ్చార్జి కాగితాలు డాక్టర్లు రాసే పని తప్పించి టైపుకి నా నెత్తిన పెట్టారు. నేను గొణిగాను, చేశాను. ఎవరైనా సెలవడిగితే లేదనరు. ఆ గడిలో తన పేరు రాసేస్తారు. చార్టులో అందరి వరసల్లోనూ పచ్చ గళ్లుంటాయి, ఆయన వరసలో ఒక్కటీ ఉండదు. "నాకెందుకు మా" అనేవారు. ఎంత గొప్ప మనిషో అని నేను మురిసిపోయేదాన్ని. నా బుద్ధి అంతే.

ఈ మే నెలలో ప్రణవి రాజీనామా ఇచ్చింది.

ప్రణవిది రాజమండ్రి. ఇరవై తొమ్మిదేళ్లు. మంచి హస్తవాసి ఉన్న డాక్టరు, రోగులు ఆమె పేరు చెప్పి టోకెన్ అడుగుతారు. నెల నోటీసు. ఆ కాగితం సార్ రెండుసార్లు చదివారు.

"ఏం తక్కువ చేసినా నేను?" అన్నారు చివరికి. నన్నడిగినట్టు లేదు.

నేను ఊరుకోగలనా? మధ్యాహ్నం క్యాంటీన్‌లో ప్రణవి ఎదురుగా నా టిఫిన్ డబ్బా పెట్టి కూర్చున్నాను. "అంత మంచి మనిషిని వదిలేసి పోవాలని ఎట్ల అనిపించింది నీకు?" అని గట్టిగానే అడిగాను.

"మంచివారు కాబట్టే ఆంటీ" అంది. పెరుగన్నం కలుపుతోంది, తినడం లేదు. "నా డ్యూటీ ఐదుకి అయిపోతుందండీ. బ్యాగు భుజానేసుకుంటే అద్దంలోంచి సార్ కనిపిస్తారు. మేం మిగిల్చిన కేస్‌షీట్లు ఆయన కూర్చుని రాస్తుంటారు. సిగ్గేసి నేనూ మళ్లీ కూర్చుంటాను. ఎనిమిదవుతుంది. జనవరిలో జ్వరమని రెండ్రోజులు సెలవు పెడితే నా డ్యూటీలు రెండూ ఆయనే చేశారు. అరవయ్యొక్కేళ్ల మనిషి! ఆ తర్వాత నేను సెలవడిగితే ఒట్టు. ఎవరూ అడగట్లేదు ఆంటీ. మీ పచ్చ గళ్లలో కూడా అందరం వస్తున్నాం, మీరు చూడలేదా?"

చూశాను. పని మీద శ్రద్ధ అనుకున్నాను.

తిరిగొచ్చి సార్‌కి ఉన్నదున్నట్టు చెప్పేశాను. "మీరు ఈడ కూర్చుంటే వాళ్లు ఆడ లేవలేకపోతా ఉండారు సార్. మీరు ఇంటికి పోతేగాని ఎవురూ పోరు" అన్నాను. కళ్లజోడు తీస్తారనుకున్నాను. తీయలేదు.

"ఇంటికి పోయి ఏం చేసేది?" అన్నారు. "ఆడ ఎవురుండారు?"

ఆయన ఇల్లు జార్జి టౌన్లో ఒక మేడ మీద. నాలుగు తరాల మద్రాసు తెలుగు కుటుంబం, ఇప్పుడు మిగిలింది ఆయనొక్కరే. పిల్లల్లేరు. వాళ్లావిడ పోయి ఆరేళ్లయింది. ఆయన ఎనిమిదింటిదాకా ఆస్పత్రిలో ఉండటం మొదలైంది కూడా ఆరేళ్ల కిందటే. ఆ లెక్క నాకు ఆ క్షణందాకా తట్టలేదు.

మర్నాడు ఐదు కొట్టగానే సార్ బ్యాగు తీశారు. వార్డు మధ్యలో నిలబడి, ఎప్పుడూ గొంతెత్తని మనిషి, "నేను ఇంటికి పోతా ఉండా. డ్యూటీ అయిపోయినోళ్లు పోండి" అన్నారు. కుర్ర డాక్టర్లు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఎవరూ కదల్లేదు. రెండో రోజూ అంతే. ఆ శనివారం చార్టులో ఆయన వరసలో ఆదివారం గడికి, అడక్కుండానే, పచ్చరంగు వేశాను. చూసి కొట్టెయ్యలేదు. ఆదివారం రాలేదు కూడా.

ఆ తర్వాతి వారం ఒక సాయంత్రం మాత్రలు కొనడానికి రోడ్డు దాటితే, బస్టాపు సిమెంటు బెంచీ మీద సార్ కనిపించారు. ఐదుంబావు. జార్జి టౌన్ వైపు పోయే ప్యారిస్ బస్సు వచ్చింది, ఖాళీగానే ఉంది. ఎక్కలేదు. ఇంకోటి వచ్చింది. ఎక్కలేదు.

"ఏంది సార్ ఇది?" అంటూ పక్కన కూర్చున్నాను.

"పోతా ఉండారా లేదా అని చూస్తా ఉండా" అన్నారు గేటు వైపు చూపిస్తూ. "ఎవురికీ చెప్పొద్దు మా."

ఐదున్నరకి ప్రణవి బయటికొచ్చింది. సార్ గబుక్కున పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. నాకు నవ్వాగలేదు. ప్రణవి ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడుతూ షేర్ ఆటో ఎక్కింది. వెలుగుండగా ఆ పిల్ల ఇంటికెళ్లడం నేను మొదటిసారి చూశాను. "సరి, పోయింది" అని సార్ లేచి తర్వాతి బస్సు ఎక్కారు.

నోటీసు ఇంకా ఆరు రోజులుందనగా ప్రణవి వచ్చి కాగితం వెనక్కివ్వమంది. సార్ సొరుగులోంచి తీసి ఇచ్చారు. నలగకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఉంచారు, ఎందుకో. ఆమె అక్కడే చింపేసింది. "థ్యాంక్యూ సార్" అని ఏడ్చింది. ఆయన కళ్లజోడు తుడుచుకున్నారు. అప్పుడు మాత్రం అది కోపం కాదు.

ఇప్పుడు మా డ్యూటీ గది ఐదుంబావుకల్లా ఖాళీ. సాయంత్రం డ్యూటీవాళ్లు తప్ప ఎవరూ ఉండరు. పచ్చ గడి ఉన్న రోజున ఎవరూ తొంగి కూడా చూడరు. ట్రస్టువాళ్లు మొన్న మీటింగులో సార్‌ని మెచ్చుకున్నారట.

నిన్న నాకు పని ఆలస్యమైంది. ఆరుంబావుకి గేటు దాటితే ఎదురుగా బెంచీ మీద సార్ ఉన్నారు. పేపరు మడిచి ఒళ్లో పెట్టుకున్నారు. నాకు కోపమొచ్చింది. రోడ్డు దాటి వెళ్లి, "అందరూ ఎప్పుడో పోయినారు సార్, ఇంకా ఎవురి కోసం?" అన్నాను.

"ఎవురూ లేరు మా" అన్నారు నెమ్మదిగా. "ఈడ కూర్చుంటే ఆస్పత్రి కనిపిస్తుంది."

నా కోపమంతా ఎటుపోయిందో. ఆయన్ని ఐదింటికి ఇంటికి పొమ్మన్నది నేనే. పక్కన కూర్చున్నాను. ప్యారిస్ బస్సు వచ్చి ఆగింది. ఇద్దరం లేవలేదు.