మొగ్గలు పెట్టి వచ్చిన శనివారం

నర్సరీవాళ్లు వాటిని డేలిలీలంటారు. మాకు మాత్రం అవి పసుపు లిల్లీలు. పొద్దున విచ్చిన పువ్వు సాయంత్రానికి వాడిపోతుంది, మర్నాడు అదే కాడకు ఇంకో మొగ్గ విచ్చుకుంటుంది. మా అవ్వ ఆదిలాబాద్‌లో ఒక మిషన్ బంగళాలో పనిచేసిన రోజుల్లో అక్కడి తోటలోంచి రెండు గడ్డలు అడిగి తెచ్చి, మా ఇంటి బోరింగు పక్కన నాటింది.

అవ్వ మా చర్చిని ఊడ్చేది, బెంచీలు తుడిచేది, ఫ్లవర్‌వాజుల్లో నీళ్లు మార్చేది. బలిపీఠం మీద పూలు మాత్రం ఎప్పుడూ పెద్ద ఇళ్ల నుంచే వచ్చేవి. ఒకసారి తన లిల్లీలు పట్టుకెళ్తే, సాయంత్రానికే వేలాడతాయని వెనక్కి పంపారు. అవ్వ నవ్వేసి ఊరుకుంది. నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

పోయిన ఎండాకాలం అవ్వ చనిపోయింది. ఏడాది తిరిగిన ఆదివారం చర్చిలో పేరు చదివి ప్రార్థన చేస్తారు. ఆ ఒక్కరోజు బలిపీఠం మీద మా అవ్వ పూలే ఉండాలనుకున్నాను.

మా దగ్గర చలి మామూలుగా ఉండదు. డిసెంబరుకల్లా ఆకులన్నీ పండి నేలకు అంటుకుపోయాయి.

"చచ్చినయి, పీకి పారెయ్. మిర్చి నారన్న పెట్టుకుందాం" అని మా ఆయన రోజూ సతాయించాడు.

నేను వినలేదు. ఎండాకులు కోసేసి గడ్డల మీద వరిగడ్డి కప్పాను. చలిలో తడి ఎక్కువైతే కుళ్లిపోతాయని నీళ్లు తగ్గించాను. చలి విరిగాక పచ్చటి మొనలు లేచాయి. ఎండలు ముదిరేసరికి కాడలు సాగి మొగ్గ తొడిగాయి.

మా చర్చిలో బలిపీఠాన్ని శనివారం సాయంత్రమే అలంకరించాలి. విచ్చిన పువ్వు తెల్లారేదాకా ఆగదు కాబట్టి, మర్నాడు విచ్చుకునే మొగ్గలనే ఏరి కోశాను. వాజులో సర్ది, పొద్దునకల్లా అవే విచ్చుకుంటాయని పాస్టరమ్మకు చెప్పాను. ఆమె ఫోన్ మాట్లాడుతూనే తలూపింది.

ఆదివారం వెళ్లేసరికి బలిపీఠం మీద ప్లాస్టిక్ గులాబీలు. నా మొగ్గలు చర్చి వెనక చెత్తకుప్ప మీద ఉన్నాయి. నీళ్లు లేకపోయినా అన్నీ విచ్చుకున్నాయి. లోపల అవ్వ పేరు చదివినప్పుడు లేచి నిలబడ్డాను గానీ ప్రార్థన ఒక్క ముక్క చెవికెక్కలేదు.

ఆరాధన అయ్యాక పాస్టరమ్మను చెత్తకుప్ప దగ్గరికి తీసుకెళ్లి చూపించాను.

"అయ్యో! ఉత్త కాడలు పెట్టిపోయినవనుకున్న. గిట్ల పూస్తయని నాకేం తెలుసు?"

"నిన్న చెప్పిన కదమ్మా."

"చెప్పినవేమో, యాదికి లేదు. జర ఏమనుకోకు. వచ్చే ఆదివారం తీస్కరా, ముందట్నే పెడ్త."

ఆమె మంచిగానే అంది. అందుకే ఇంకా కోపం వచ్చింది. వచ్చే ఆదివారం ఇంకెవరి పేరో చదువుతారు. మా అవ్వది అయిపోయింది.