సుక్రి మాటల చోట ఫిడేలు

పదిహేనేళ్లుగా దీన్ని మోస్తున్నాను. ఇంట్లో చెప్పలేదు, కట్టుకున్నవాడికి చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు గనక మీకు చెబుతున్నాను. క్షమించమని మాత్రం అడగను. ఆ పని మీది కాదు.

రెండు వేల దశకం చివర్లో కకిరిగుమ్మ అనే కొండ ప్రాంతపు ఊరి దగ్గర ఒక సేవాసంస్థ చిన్న రేడియో కేంద్రం పెట్టింది. చుట్టుపక్కల ఊళ్లకే వినిపించేది. నాకు వారానికో గంట ఇచ్చారు. ఎవరో విదేశీ వాలంటీరు వదిలివెళ్లిన క్యాసెట్ల పెట్టెలోంచి ఐర్లండు పల్లెపాటలు, జాజ్ వేసేదాన్ని. మధ్యలో ఊరి సంగతులు: రోడ్లు, రేషను, కరెంటు, జనం తమ గొంతుతో చెప్పినవి. కొండ ఊళ్లలో జాజ్ ఎవరు వింటారని నవ్వినవాళ్లున్నారు. విన్నారు. ఆ విషయంలో నేను ఇప్పటికీ తలవంచను.

ఒకసారి సుక్రి అనే కొండ ఊరి ఆవిడ మాటలు రికార్డు చేశాను. సంతలో చింతపండు అమ్మేది. మా షావుకార్లతో బేరాలాడి ఆడి తెలుగు నేర్చుకుంది. ఆవిడ చెప్పింది ఇదీ. సంత రోజు పొద్దున్నే వర్తకుల మనుషులు దారి మలుపులో జీపు ఆపుకుని నిలబడతారు. కొండ దిగి వచ్చే ఆడవాళ్ల నెత్తిమీది బుట్టలు దించేసుకుని, ధర తామే చెప్పి, చేతిలో ఏదో పెట్టి పంపేస్తారు. సంతకు చేరేసరికి వీళ్ల దగ్గర అమ్మడానికి ఏమీ ఉండదు. ఆవిడ ఎవరి పేరూ ఎత్తలేదు. నీలం జీపు అంది, అంతే. ఆ చుట్టుపక్కల నీలం జీపు ఒక్కటే. మా అన్నయ్యది.

అన్నయ్య తీసెయ్యమన్నాడని అనుకుంటున్నారు కదూ? లేదు. ఆయనకు ఈ సంగతే తెలియదు. నన్నెవరూ బెదిరించలేదు, బతిమాలలేదు. నేనే తలుపేసుకుని ఆ నాలుగు నిమిషాలు చెరిపేసి, ఆ చోట ఐర్లండు ఫిడేలు పెట్టాను. పాటల కార్యక్రమంలో ఈ గొడవెందుకని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. మరి రేషను డీలరు మీద ఫిర్యాదు రేడియోలో వేసినప్పుడు ఆ మాట ఎందుకు గుర్తు రాలేదు? ఆ జీపులోనే కాలేజీకి వెళ్లాను, ఆ చింతపండు మీదే చదువుకున్నాను, ఆ మలుపులో జరిగేదంతా చూస్తూనే పెరిగి, ఏమీ ఎరగనట్టు మైకు ముందు కూర్చుని ఊళ్లోవాళ్ల తప్పులు ఏకరువు పెట్టాను. సిగ్గేసిందా? అప్పట్లో లేదు.

తర్వాతి సంతకు సుక్రి నన్ను వెతుక్కుంటూ వచ్చింది.

"నా మాట ఏటైపోనాదమ్మి? మా ఊరోళ్లంతా రేడియో సుట్టూ కూకున్నారు. ఏదో పాటొచ్చినాది. దాని ఎనకాల నేనొస్తానని సూసేరు."

"మిసను పట్టలేదు," అన్నాను.

"మల్లీ సెప్తాను. ఈపాలి గట్టిగా సెప్తాను."

"గట్టిగా సెప్పినా అవదు. నీ గొంతు మైకుకి పనికిరాదు."

ఆవిడ ఖాళీ బుట్ట చంకన పెట్టుకుని వెళ్లిపోయింది.

ఆ తర్వాత వాళ్ల ఊరికి మైకు పట్టుకెళ్లినప్పుడల్లా వెనక్కి తప్పుకునేది. తన గొంతు మిషనుకి పట్టదని తనే ముందుగా చెప్పేసేది. అంత ధైర్యంగా మాట్లాడే ఆవిడకే కుదరనిది మాకేం కుదురుతుందని మిగతా ఆడవాళ్లూ నోరు విప్పలేదు. దారి మలుపు గురించి మా రేడియోలో ఇంకెవరూ మాట్లాడలేదు. జీపు అక్కడే నిలబడుతూ వచ్చింది.

ఇది చదివితే మావాళ్లకు కోపం వస్తుంది. రానీ. రేడియో మూతపడి చాన్నాళ్లయింది, సుక్రి ఉందో లేదో కూడా తెలియదు, ఇప్పుడెందుకు తవ్వడం అంటారు. ఎందుకంటే ఆ టేపు విన్నది లోకంలో నేనొక్కదాన్నే. మిషను ఒక్క మాట కూడా వదల్లేదు. సుక్రి గొంతు చాలా బాగుంది. ఇదిగో, చెప్పేశాను.