కారును పాతది చేయించిన సంగతి

మా ఆయన పోయాక కారు ఇంటి ముందు రేకుల కిందే ఉండిపోయింది. తెల్ల అంబాసిడర్. రామన్నపేట నుంచి నల్లగొండ దవాఖానకు, పెళ్ళిళ్ళకు, చావులకు కిరాయికి తిప్పేవాడు. నాకు నడపరాదు. లైబ్రరీలో నా పనికి పోయేటప్పుడు, వచ్చేటప్పుడు డ్రైవర్ వైపు తలుపు మీద ఒకసారి చెయ్యి పెట్టేదాన్ని, అంతే.

అద్దం దించి, మోచెయ్యి తలుపు అంచు మీద ఆనించి నడపడం ఆయన అలవాటు. ఏండ్ల తరబడి ఆ ఒక్కచోట తెల్లరంగు అరిగింది. కింద అంతకుముందటి ఓనరు వేయించిన నీలం బయటపడింది. అదీ అరిగి నడుమ ఇనుము తేలింది. ఆయన బట్టలు ఎవరెవరికో ఇచ్చేశారు. మంచం కూడా ఇంట్లోంచి తీసేశారు. ఈ అరుగుడును మాత్రం ఎవరూ పట్టించుకోలేదు కాబట్టి మిగిలింది.

సంవత్సరీకం దగ్గర పడుతుంటే మా తమ్ముడు వచ్చి, సర్వీసింగ్ చేయించి తెస్తానని కారు తీసుకుపోయాడు. వాడు చౌటుప్పల్‌లో మందుల కంపెనీలో పనిచేస్తాడు. వానికి బావంటే ప్రాణం. సంవత్సరీకం నాటి పొద్దున తీసుకొచ్చి వాకిట్లో నిలిపాడు. రంగంతా ఇనుము దాకా గీకించి, పుట్టీ పెట్టించి, కొత్త తెలుపు కొట్టించాడు. బానెట్ మీద బంతిపూల దండ వేశాడు.

"సూడక్కా, బావ కారు గియ్యాలనే షోరూంల నుంచి దిగినట్టు లేదా?"

చుట్టాలందరూ చుట్టూ చేరి మెచ్చుకున్నారు. నేను డ్రైవర్ వైపు పోయి తలుపు అంచు తడిమాను. నున్నగా ఉంది. "బాగుంది తమ్మీ" అన్నాను. ఆ పొద్దు వానితో ఇంకేం అనగలను?

తర్వాత నేను కారు దిక్కు చూడటం మానేశాను. అది వాడు గమనించాడు. ఒక ఆదివారం వచ్చి అడిగితే ఆ అరుగుడు సంగతి చెప్పాను. గడప మీద కూలబడ్డాడు.

"అది ఖరాబైందనుకున్ననక్కా."

"ఎవరైనా అట్లనే అనుకుంటరు. నీ తప్పేం లేదు."

కొన్నాళ్ళకు ఫోన్ చేశాడు. షాద్‌నగర్‌లో ఒక పెయింటర్ ఉన్నాడట. కొత్త రంగును పాతబడినట్టు చేస్తాడట. సినిమా షూటింగులకు, ఫాంహౌసులవాళ్ళకు చేస్తాడట. వద్దని చెప్పవలసింది. కానీ వాని గొంతులో ఆశ ఉంది. నాకూ ఆశ కలిగింది. ఒకవేళ ఆ అరుగుడు తిరిగి వస్తుందేమో అనుకున్నాను.

మేము పోయేసరికి కారు అక్కడికి చేరి వారమైంది. పెయింటర్ యాభై దాటిన మనిషి, మాటకారి. డ్రైవర్ తలుపు ఒక్కటి వదిలి మిగతా కారంతా చేసేశాడు. ఎట్లా చేశాడో అడగకుండానే చెప్పాడు. తడిపిన రేకు మీద దొడ్డుప్పు చల్లి, పైన రంగు కొట్టి, ఆరినాక కడిగేస్తాడు. ఉప్పు ఉన్నచోటల్లా రంగు లేచిపోయి గుంటలు పడతాయి. అక్కడ నిజం తుప్పే పట్టిస్తాడు. చివర మెరుపు లేని వార్నిష్ ఒక పూత.

"ఇగ ఈ తుప్పు పెరగదమ్మా. ఏండ్లకేండ్లు గింతే ఉంటది" అన్నాడు. "మొన్న ఒకాయన జీపు తెచ్చిండు. పాతగ జేసిస్తే, మా తాత జీపని అందరికి జెప్పుకుంటుండు. వాళ్ళ తాత జిందగీల సైకిల్ గూడ ఎక్కలే!"

తమ్ముడు నవ్వాడు. "మా బావ ఉంటే నిన్ను కొట్టేటోడు ఉస్తాద్. మంచిగున్న రంగును గీకుతవా అని."

పెయింటర్ నీళ్ళలో నానేసిన, రంగు గీకే ఎమరీ కాగితం చేతిలోకి తీసుకుని తలుపు దగ్గర కూర్చున్నాడు. "జాగ సూపెట్టమ్మా. ఎంతగనం, ఏ తీరుగ ఉండేనో జెప్పు. అచ్చం గట్లనే జేస్త."

నేను వేలు పెట్టి చూపించాను.

"గాడ గాదక్కా" అన్నాడు తమ్ముడు. "ఇంకింత ఎనకకు. బావ సీటు ఎనకకు జరుపుకొని కూసునేటోడు."

"ముందుకే. అద్దానికి దగ్గర."

"నేను ఎనక సీట్ల కూసుంటే ఆయన మోచెయ్యి నా మొకం ముంగటనే ఉండేది. అరచెయ్యంత పొడుగుండె."

"పొడుగు కాదు. గుండ్రం."

వాడు ఫోన్ తీసి పాత ఫోటోలు వెతికాడు. దసరా పూజవి, ఊరి బయట దిగినవి. అన్నింట్లోనూ ఆయన ఆ తలుపుకే ఆనుకుని నిలబడ్డాడు. మాకు కావలసిన చోటు ఆయన వెనకే ఉంది.

పెయింటర్‌కు మా మీద జాలి కలిగింది. "కొట్లాట ఎందుకు? నడుమ పెడ్త. ఒక్కపారి మరక పడ్డదంటే గదే నిజమనిపిస్తదమ్మా. రెండు నెల్లల్ల మీరే మర్సిపోతరు."

ఓదార్పుకే అన్నాడు. నేను బానెట్ దిక్కు చూశాను. తుప్పు మరకలు చాలా సహజంగా ఉన్నాయి. అసలు బానెట్ ఎట్లా ఉండేదో గుర్తు తెచ్చుకోబోయాను. ఎడమ మూల ఒక సొట్ట ఉండేదా, లేదా? తెలియలేదు. వచ్చి గంట కూడా కాలేదు, అప్పటికే నా గుర్తులో పాత బానెట్ చోట ఈ మరకలే కూర్చున్నాయి. తలుపు మీద కూడా పెట్టిస్తే ఇక ఆ చోటు ఈ పెయింటర్ పెట్టినదే అవుతుంది. నేను రోజూ దాని మీదే చెయ్యి పెడతాను. అదే ఆయనదని నమ్ముతాను.

"వద్దు" అన్నాను. "ఈ తలుపు ఇట్లనే ఉండనియ్యి."

"అక్కా, కారంత పాతగయ్యి ఒక్క తలుపు కొత్తగుంటే మంది నవ్వుతరు."

"నవ్వనియ్యి."

పెయింటర్ ఎమరీ కాగితాన్ని బకెట్లో పడేశాడు. "గిట్ల సగం పని ఇడిసిపెడితే నా ఇజ్జత్ పోదా అమ్మా? ఎవరన్న అడిగితే నా షెడ్డు సంగతి జెప్పకుండ్రి, దండం పెడ్త."

తిరిగి వచ్చేటప్పుడు చౌటుప్పల్‌లో చాయ్‌కి ఆగాము. హోటలాయన కారు చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. "యాక్సిడెంట్ అయిందా అన్నా? తలుపు మార్పిచ్చినట్టున్నరు."

"అవునన్నా" అన్నాడు తమ్ముడు. చాయ్ సగంలోనే వదిలి కారెక్కాడు. రెండోసారీ నన్ను బాధపెట్టాననుకున్నాడేమో.

కారు ఇప్పటికీ ఇంటి ముందే ఉంది. ఆయన్ను తలుచుకుంటే కారు కూడా కళ్ళ ముందుకు వస్తుంది. వచ్చినప్పుడల్లా ఆ ఉప్పు గుంటలతోనే వస్తుంది. అవి ఆయన ఎన్నడూ చూడనివి. ఆ పాత కారును ఇక తిరిగి తెచ్చుకోలేను, ఆ సంగతి తెలుసు. నా గుర్తులో తలుపు మీది అరుగుడు మాత్రం ఒకచోట నిలవదు. ఒకనాడు నేను చెప్పినచోట ఉంటుంది, ఒకనాడు తమ్ముడు చెప్పినచోట. ఎవరిది నిజమో తేల్చుకోవాలని ఇప్పుడు అనిపించడం లేదు.