తువాల వేసిన సీటు

మా నారాయణఖేడ్ బస్టాండులో బస్సు ఆగకముందే కిటికీలోంచి తువాల పడాలి. పడిందా, ఆ సీటు మనది. ఆ తర్వాత తీరిగ్గా ఎక్కినా ఫర్వాలేదు. దాన్ని జరిపి కూర్చునే మొనగాడు ఉండడు. ఎవడైనా కూర్చుంటే మాత్రం బస్సు హైదరాబాద్ చేరేదాకా వాడి ఏడు తరాలనూ తిడతారు. నేనూ తిట్టాను, నాకేం సిగ్గు లేదు.

ఆ రోజు అమ్మను కంటి ఆపరేషన్‌కు పట్నం తీసుకెళ్తున్నాను. మధ్యాహ్నంలోగా దవాఖానలో ఉండాలన్నారు. తప్పితే మళ్ళీ ఎప్పుడు పిలుస్తారో దేవుడికెరుక. ఇదివరకు ఓసారి జ్వరమని, ఓసారి కందులు కొట్టాలని వంకలు పెట్టి తప్పించుకుంది. ఈసారి ఒప్పించడానికి నేను వేసిన ఎర మేడ బస్సు. పెళ్ళయిన కొత్తలో నాన్న ఆమెను చార్మినార్ చూపించడానికి తీసుకెళ్ళి, మేడ బస్సులో పైన ముందు సీట్లో కూర్చోబెట్టాడట. తర్వాత ఆ బస్సులు పోయాయి. ఇప్పుడు కరెంటుతో నడిచేవి కొత్తగా వచ్చాయని విన్నాను.

"కండ్లు మంచిగైనంక ఎక్కిస్తనమ్మా" అన్నాను.

"గవి మల్లొచ్చినయా బిడ్డా? ఏ రంగున్నయే?"

నాకేం తెలుసు? ఎర్రగున్నాయనేశాను.

రోజూ పొద్దున పట్నం పోయే పాత డొక్కు బస్సు వచ్చింది. తువాల విసిరాను, పడింది. అమ్మను ఎక్కించి కిటికీ పక్కన కూర్చోబెట్టాను. పక్క సీట్లో నా తువాల. అమ్మ కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది. ఇంతలో పక్కకు ఇంకో బస్సు వచ్చి నిలిచింది. తెల్లగా, నున్నగా, చప్పుడన్నదే లేకుండా. దాని ముందు వెలిగే అక్షరాల్లో హైదరాబాద్ అని ఉంది. మా బస్సు ముందు కూడా హైదరాబాద్ బోర్డే ఉంది. మరి ఏది నిజం? జనం దిగి దాని మీద పడ్డారు. దానికన్నీ మూసిన అద్దాలే, ఒక్కటీ తెరుచుకోదు. తువాలలు చేతుల్లో పట్టుకుని దాని చుట్టూ తిరుగుతున్నారు.

"అమ్మా, జెర కూసో, అడిగొస్త" అని నేనూ దిగాను. విన్నదో లేదో, ప్రార్థనలో ఉంది.

ఒకాయనను అడిగితే "రెండూ పోతయ్" అన్నాడు. ఇంకొకామె "ఏదీ పోదట" అంది. ఇగ లాభం లేదని కంట్రోలర్ గదికి పోయాను. ఆయన తాపీగా టీ తాగుతున్నాడు.

"కొత్తదే హైదరాబాద్. పాతది మనూర్‌కేసినం."

"మరి బోర్డో?"

"మార్సిండ్రు గదా, గిప్పుడే."

తిరిగి చూస్తే బోర్డే కాదు, బస్సే లేదు. అందులో ఉన్న అమ్మా లేదు. ఫోన్ చేశాను. అమ్మ ఫోన్ నా సంచిలోనే మోగింది.

ఆటో మాట్లాడుకుని మనూర్ దారి పట్టాను. దారంతా ఒకటే ఆలోచన. పక్కన నేను లేనని ఆమెకు తెలియదా? కేక పెట్టదా? లేక ఆపరేషన్ తప్పించుకోవడానికి కావాలనే పోయిందా? కోపమో భయమో నాకే తెలియడం లేదు. ఆటో అతన్ని ఊరికే తిట్టాను. పాపం, బాగానే నడుపుతున్నాడు.

దారిలో ఒక ఊరి స్టాపు దగ్గర అమ్మ కనిపించింది. పక్కన బుర్ఖా వేసుకున్న ఒకామె, ఆమె చేతిలో నా తువాల. కండక్టర్ జనంలోంచి వాళ్ళ దగ్గరికొచ్చి ఎక్కడికని అడిగితే అమ్మ హైదరాబాద్ అందట. అప్పుడు సంగతి బయటపడి, ఇక్కడ దించాడట. ఆ బుర్ఖా ఆమె మనూర్ దాకా పోవాల్సింది, అయినా అమ్మకు తోడుగా దిగింది. అంత మేలు చేసినామెకు నేను ఒక్క మాట చెప్పలేదు. నేరుగా అమ్మ మీద పడ్డాను.

"ఏందమ్మా గిది? నేను ఎక్కకుండ ఎట్ల పోయినవ్? భయమైతే భయమని చెప్పు!"

"ఎక్కినవ్ గదనే, పక్కకే కూసున్నవ్" అంది అమ్మ, నాకంటే అయోమయంగా. "మన తువాల మీద ఇంకొకరెందుకు కూసుంటరు?"

ఆ బుర్ఖా ఆమె నన్ను కొంచెం దూరం తీసుకెళ్ళింది.

"తువాల ఎవరిదమ్మా అని అడిగిన. 'నీదే గద, కూసో బిడ్డా' అన్నది. పాత బస్సు మోతల నా గొంతు సమజ్ కాలేదేమో. కూసున్న. ఇగ మాట్లాడుడు షురూ జేసింది. నన్ను నువ్వనుకుంటుందని శాన సేపటికి ఎర్కైంది."

"ఏం మాట్లాడిందక్కా?"

ఆమె చెప్పాలా వద్దా అన్నట్టు ఆగింది.

"'నీ మొకం కనవడక శాన రోజులాయె బిడ్డా, గొంతు వట్టి గుర్తువడ్తున్న. చెప్తే పరేషానైతవని చెప్పలే. ఆపరేషన్ ఖరాబై గీ జెర ఎలుగు గూడ పోతే ఎట్ల?' అన్నది. నేను నీ బిడ్డను కాదని అప్పుడెట్ల చెప్త? ఏం గాదమ్మా అని చెయ్యి వట్టుకున్న."

రోజూ ఎదురుగా కూర్చుని అన్నం పెడుతున్నాను. మొన్న ఆదివారం చర్చికి కొత్త చీర కట్టుకుంటే "మంచిగున్నదే నీకు" అంది. ఏ చీరను చూసి అంది?

ఇంకో పట్నం బస్సు అందుకోవచ్చు, జల్దీ రమ్మని ఆటో అతను పిలుస్తున్నాడు. పోయి అమ్మ ఎదురుగా నిలబడ్డాను. పోదాం పా అనాలి, అంతే. నోరు తెరిస్తే ఏడుపు తన్నుకొచ్చేలా ఉంది. పెదవులు బిగించి అలాగే నిలుచున్నాను.

అమ్మ తల ఎత్తి సూటిగా నా మొహంలోకి చూసింది.

"ఎవరు?" అంది.