వీడియోలో లేని అరుపు

కొత్త కారు అద్దం మీద బొట్టు పెట్టనివ్వని మనిషిని తిరుపతమ్మ తన డెబ్భై ఏళ్ళలో ఆ ఒక్కరోజే చూసింది.

తెనాలిలో గుడి ముందు. కారు కొన్నది అమృతలూరు సుబ్రహ్మణ్యం మాస్టారు. ఆయన భార్య సూర్యకుమారి గంధం గిన్నె పట్టుకుని, ముందద్దానికి పైన నడిమధ్యన, సరిగ్గా లోపల కెమెరా ఉన్నచోట, అరచేతంత బొట్టు పెట్టబోయింది. బండి అప్పజెప్పి నడపడం నేర్పడానికి వచ్చిన పద్మావతి చెయ్యి అడ్డం పెట్టింది.

"అక్కడొద్దండి అమ్మగారూ. అది బండికి కన్ను."

"శుభమా అని పూజ చేసుకుంటుంటే అడ్డం పడతావేంటమ్మా? బొట్టు లేని బండి ఎక్కమంటావా?"

"బొట్టు వద్దనలేదండి. కంట్లో వద్దన్నా."

"నువ్వు చెబితే మేం వినాలా? నిన్ను పంపినవాళ్ళతోనే మాట్లాడతా!"

జనం మూగారు. పద్మావతి ఒక్క అడుగు వెనక్కెయ్యలేదు. "సరేనండి, పెట్టండి. ముందు ఇదే గంధం మాస్టారి కళ్ళజోడుకి రెండు వైపులా పూసి, ఆ మెట్లు దిగి రమ్మనండి. పడకుండా వచ్చారా, బండికి నా చేత్తో నేనే పెడతా."

మాస్టారు గబుక్కున కళ్ళజోడు తీసి జేబులో పెట్టేసుకున్నాడు. పూజారి హారతి పళ్ళెం పట్టుకునే ఇకిలించాడు. సూర్యకుమారికీ నవ్వాగలేదు. బొట్టు కిందికి దిగి బానెట్టు మీద కూర్చుంది.

"దండ కూడా ముందున్న కంపెనీ గుర్తు మీద వెయ్యమాకండి, అక్కడ ఇంకో కన్నుంది," అంది పద్మావతి.

"ఎన్ని కళ్ళమ్మా దీనికి?"

"ఎన్నున్నా మీవి రెండూ మూసుకోమాకండి."

ఆ మాటకి తిరుపతమ్మ కడుపు నిండిపోయింది. మరి నిండదూ? పద్మావతి తన కొడుకు నాగశివ డ్రైవింగు స్కూల్లో పనిచేసే మనిషి. ఆ స్కూలు, తిరుపతమ్మ తెనాలి మార్కెట్లో ముప్ఫై ఏళ్ళు చేపలు కోసి పెట్టించిన స్కూలు. ఆమె నిండు పేరే ఉంది బోర్డు మీద, లక్ష్మీతిరుపతమ్మ డ్రైవింగు స్కూలని. ఆమెకి చదువు రాకపోయినా ఆ అక్షరాలు మాత్రం ఎంత దూరాన్నుంచైనా గుర్తుపడుతుంది.

పద్మావతిది రేపల్లె అవతల సముద్రం పల్లె. మొగుడు రేవు నుంచి తెనాలికి చేపల ఆటో తోలేవాడు. అతను మంచం పట్టిన వారంలోనే ఆమె హ్యాండిల్ పట్టింది. చీర కొంగు నడుముకి చుట్టి, తెల్లారేసరికి మార్కెట్లో ఐసు పెట్టెలు దించేది. "ఆడది తెచ్చిన చేప" అని ఎవడో మూతి ముడిస్తే, "మగాడు తెస్తే ఈత కొడుతూ వచ్చిందా?" అనేది. తిరుపతమ్మకి ఆ నోరు నచ్చింది. నోరున్న మనిషికి నోరున్న మనిషే చుట్టం. మొగుడు పోయాక కొడుకు స్కూల్లో తనే చేర్పించింది. నాగశివని "అన్నా" అనేది పద్మావతి, తిరుపతమ్మని "పిన్నమ్మా" అనేది.

ఈ కొత్తరకం బండ్లు వచ్చాక పద్మావతికి అదో పిచ్చి పట్టుకుంది. వాటంతట అవే బ్రేకేస్తాయి, గీత దాటితే స్టీరింగు వెనక్కి లాగుతాయి, కూతలు కూస్తాయి. బాపట్ల షోరూము వాళ్ళు కొన్నవాళ్ళకి నేర్పమని నాగశివకి పని ఇస్తే, ఆమె ముందు తను నేర్చుకుంది. పొలాల మధ్య ఖాళీ రోడ్డు మీద గడ్డిబొమ్మకి తన చీర కట్టి నిలబెట్టి, బండి దాని మీదికి తోలింది. ఆగింది. చేపల తట్ట పెట్టి తోలింది. తట్ట పచ్చడైపోయింది. "చూశావా పిన్నమ్మా, దీనికి మనిషంటే మర్యాద, తట్టంటే లెక్కలేదు," అని నవ్వింది. ఆ తట్ట తిరుపతమ్మదే. తిట్టింది గానీ, మనసులో మెచ్చుకుంది.

బండి కూత కూస్తే చిరాకని మీట నొక్కి ఆపేసేవాళ్ళకి ఆమె క్లాసులో చీవాట్లే. ఒకడు స్టీరింగుకి నీళ్ళ సీసా కట్టాడట, చెయ్యి ఉందని బండి నమ్ముతుందని. "రేపు గుద్దితే కేసు సీసా మీద పెట్టమంటావా నాయనా?" అని అడిగింది. మళ్ళీ అతనే పెళ్ళాన్ని తీసుకొచ్చి చేర్పించాడు.

అంత మనిషిని, అన్నా అని పిలిపించుకున్నవాడు ఏం చేశాడో చెప్పాలి.

షోరూము వాళ్ళు వీడియో కావాలన్నారు. తిరుపతమ్మకి రామాపురంలో చుట్టాలింట్లో పనిపడి, వీడియో తీయడానికి బాపట్ల మీదుగా పోయే బండిలోనే వెనక సీట్లో కూర్చుంది. ముందు, బండి తోలుతున్న పద్మావతి పక్కన నాగశివ ఫోను పట్టుకున్నాడు. హైవే మీద తెల్లగీతలు మెరుస్తున్నాయి. పద్మావతి రెండు చేతులూ పైకెత్తి, "చూశారా, చెయ్యి తీసినా బండి గీతల మధ్యే పోతోంది," అంది.

తిరుపతమ్మ ముందు సీటు పట్టుకుని ముందుకి వంగింది. "చేతులు పెట్టవే స్టీరింగు మీద! నీకేమన్నా పిచ్చా!" అని బండి అదిరేట్టు అరిచింది.

పద్మావతి చప్పున చేతులు పెట్టి ఫోనుకేసి నవ్వింది. "విన్నారుగా? మా పిన్నమ్మ అరిచిందే అసలు పాఠం. మన రోడ్ల మీద మొక్కజొన్న ఆరబోస్తారు, గీత కనపడదు. చుట్టూ రాళ్ళు పేరుస్తారు, అవి దీనికి ఆనవు. ఇది పక్కన కూర్చున్న చుట్టం లాంటిది. కేకేస్తుంది గానీ బండి నడిపేది మీరే. చెయ్యి తియ్యమాకండి."

ఆ పాఠం ఆ బండి దాటి బయటికి రాలేదు. జనానికి చేరిన వీడియోలో పద్మావతి చేతులెత్తింది, గీతల మధ్యే పోతోందంది, కింద షోరూము పేరు మెరిసింది. అంతే.

దాన్ని మాస్టారు చూశాడు. గుడి ముందు కళ్ళజోడు ముచ్చట మర్చిపోలేదుగా, ఆ అమ్మాయి చెబితే తిరుగుండదనుకున్నాడు. రేపల్లె నుంచి వస్తూ చేతులొదిలాడు. మొక్కజొన్న ఆరబోసినచోట గీత పోయింది, బండి రాళ్ళెక్కి పక్కనున్న పంట బోదె కాలవలో పడింది. ఆయనకి గీరుకుపోయింది. సూర్యకుమారి కుడిచెయ్యి రెండుచోట్ల విరిగింది. బొట్టు పెట్టబోయిన చెయ్యి అదే.

మాస్టారు స్కూలుకొచ్చి ఎవరినీ తిట్టలేదు. పద్మావతి ముందు నిలబడి, "నువ్వే చెప్పావుగా తల్లీ," అన్నాడు. ఆమె నోరు తెరిచేలోపే నాగశివ లేచాడు. "నేను వద్దంటూనే ఉన్నానండి మాస్టారూ. ఆవిడ అట్టాగే నేర్పుతుంది. ఇవాళ్టి నుంచి తీసేశాను."

 పద్మావతి అన్న అనుకున్నవాడి మొహంలోకి చూసి, బండి తాళాలు బల్ల మీద పెట్టి, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

రాత్రి అన్నం పెడుతూ తిరుపతమ్మ అడిగింది. "నా అరుపేదిరా?"

"ఏ అరుపమ్మా?"

"వీడియోలో నేనరిచింది. ఆ తర్వాత ఆ పిల్ల చెప్పింది."

"కోసేశానమ్మా. భయపెడితే ఎవడు కొంటాడు? షోరూము వాళ్ళే కోయమన్నారు. కొయ్యని వీడియో ఫోన్లోంచి కూడా తీసేశా, ఇంకెక్కడా లేదు. నువ్వు కల్పించుకోమాక."

"ముప్ఫై ఏళ్ళు చేపలు కోశాన్రా. ముల్లుందని చెప్పి అమ్మాను గానీ, ముల్లు దాచి పసిపిల్లల కంచంలోకి అమ్మలేదు."

"బోర్డు మీద పేరు నీదేనమ్మా. స్కూలు మూతబడితే పోయేది నీ పేరే."

ఆ మాట ఆమెకి తగలాల్సిన చోటే తగిలింది. ఆ పేరు కోసమే వీడు తన గొంతు కోసేశాడా? గిన్నె మీద మూత పెట్టేసింది. వాడు ఇంకాస్త కూర అడిగినా లేదంది.

మర్నాడు పద్మావతి వచ్చింది. లోపలికి రమ్మన్నా రాలేదు, గడప అవతలే నిలబడింది. రేయంతా ఏడ్చిన కళ్ళు, గొంతు మాత్రం తొణకలేదు.

"గురువారం షోరూములో బండ్లు కొన్నవాళ్ళందర్నీ పిలిచారు పిన్నమ్మా. మాస్టారు, సూర్యకుమారిగారు వస్తున్నారు. తప్పు నాదని అన్న అందరి ముందూ చెబుతాడంట. అది ఖాయమైతే నన్నింక ఎవరూ బండి దగ్గరికి రానివ్వరు. అది పోనీ. వాళ్ళలో సగంమంది ఆ వీడియో చూసి చేతులొదిలే తోలుతున్నారు."

"నన్నేం చెయ్యమంటావే?"

"ఆ రోజు వెనక సీట్లో ఉన్నది నువ్వొక్కదానివే. సాక్ష్యం చెప్పమని అడగను, నీ కొడుకు. గురువారం వచ్చి వెనక వరసలో కూర్చో. తప్పు నాదని చూపించడానికి వాళ్ళు ఆ వీడియో వేస్తారు. అందులో నేను చేతులెత్తుతాను చూడు, సరిగ్గా అప్పుడు, ఆ రోజు ఎట్టా అరిచావో అట్టాగే, ఒక్కసారి అరువు పిన్నమ్మా."