దూరపు ఊళ్ళ చీటీలు

కిడ్నీలు మార్చే సర్జనమ్మ మూడేళ్ళుగా మధ్యాహ్నాలన్నీ పాత ఫైళ్ళ గదిలోనే గడిపింది. దూరపు ఊళ్ళవాళ్ళు ఆపరేషన్ తర్వాత మందులు మానేస్తారని, వాళ్ళను కిడ్నీ కోసం ఎదురుచూసేవాళ్ళ జాబితా చివరికి నెట్టడం ఆ ఆస్పత్రి ఆనవాయితీ.

"ఇంకా దుమ్ము దులుపుతున్నావా, తల్లీ?" అన్నాడు పెద్ద డాక్టరు.

"అయిపోయింది సార్. పరీక్షకి రాకపోతే మందులు మానేసినట్టు రాసుకున్నాం. వాళ్ళేమో ఊళ్ళోనే పరీక్ష చేయించుకుని చీటీలు పంపారు. అన్నీ ఫైళ్ళ వెనకే గుచ్చి ఉన్నాయి. దగ్గరివాళ్ళ కిడ్నీలు ఎన్నాళ్ళు పనిచేశాయో వాళ్ళవీ అన్నాళ్ళే పనిచేశాయి."

ఆయన చీటీలన్నీ తిరగేసి, ఆనవాయితీ కొట్టేశాడు.

నాలుగేళ్ళుగా జాబితా చివర్లో ఉన్న కొండ అవతలి దర్జీకి ఆ నెలలోనే కిడ్నీ దొరికింది. ఆపరేషన్ మర్నాడు నర్సు నవ్వుతూ పిలిచింది.

"మేడమ్, మీ దూరపు చుట్టం మూత్రం సంచి మూడోది కూడా నింపేశాడు."

సర్జనమ్మ వెళ్ళేసరికి పెద్ద డాక్టరే మంచం పక్కన వంగి, సంచి మీది కొలత రాసుకుంటున్నాడు.